రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి చేసుకున్నవాళ్లు ఉన్నారా? మతాలు వేరు, ఇద్దరం మారడం లేదు

ఖమ్మం అమ్మాయి:

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి.

నాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లెటూరు. ఉద్యోగం హైదరాబాద్‌లో, మాదాపూర్ దగ్గర హాస్టల్లో ఉంటున్నాను. అబ్బాయిది తెనాలి, తనూ ఇక్కడే ఉద్యోగం, అద్దెకి ఉంటాడు. నేను హిందువుని, తను క్రిస్టియన్. మతం మారే ఉద్దేశం నాకూ లేదు, తనకీ లేదు. మారమని ఒకరినొకరం అడిగిందీ లేదు. వాళ్ల అమ్మానాన్నలకి చర్చిలో చేస్తే బాగుండేదని ఉంది, అయినా ఒప్పుకున్నారు. మా అమ్మకి తెలుసు. నాన్నకి ఇంకా చెప్పలేదు. కొట్టే మనిషీ కాదు, తిట్టే మనిషీ కాదు. మాట్లాడడం మానేస్తాడు, అంతే. నాకు అదే ఎక్కువ భయం.

మతం మారకుండానే పెళ్లి చేసుకునే వీలున్న స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద చేసుకోవాలని అనుకున్నాం. నెల రోజుల ముందు నోటీసు ఇవ్వాలి అని తెలుసు. ఆ నోటీసు మా ఇంటికి పోస్టులో వెళుతుందా? హైదరాబాద్ ఆఫీసులో ఇస్తే ఖమ్మంలో తెలుస్తుందా? హాస్టల్ అడ్రస్ చెల్లుతుందా? ఆధార్‌లో ఇంకా ఊరి అడ్రసే ఉంది.

ఇంకొకటి అడగాలి, నవ్వుకోకండి. ఆఫీసులో పెళ్లంటే ఏం జరుగుతుంది అసలు? కౌంటర్ దగ్గర నిలబడి సంతకం పెట్టి రశీదు తీసుకుని వచ్చేయడమేనా? మా అమ్మ ఒకటే మాట అంటోంది, "నీ మెళ్లో తాళి పడడం నేను చూడొద్దా" అని. చిన్నప్పటి నుంచి మా ఊళ్లో ప్రతి పెళ్లికీ తలంబ్రాల బియ్యం కలిపిన చేతులు ఆవిడవి. నా పెళ్లి బల్ల మీద కాగితంలా అయిపోతే ఆవిడకి ఎలా ఉంటుందో తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. నిజం చెప్పాలంటే నాకూ అలా వద్దు.

చేసుకున్నవాళ్లు ఆ రోజు ఎలా జరిగిందో చెప్పండి, ప్లీజ్.

వైజాగ్ కుర్రాడు:

అంత తతంగం ఎందుకండీ. మా ఫ్రెండ్ ఒకడు ఇలాగే వేరే మతం అమ్మాయిని గుడిలో చేసుకున్నాడు. పొద్దున తాళి, మధ్యాహ్నానికి హిందూ మ్యారేజ్ కింద రిజిస్ట్రేషన్. ఏజెంటే అన్నీ చూసుకున్నాడు. నోటీసూ లేదు, నెల రోజులూ లేదు. మీ అమ్మగారికి తాళి చూసిన తృప్తీ ఉంటుంది. ఆలోచించండి.

పెన్నా తీరం:

పై సలహా మాత్రం వినకండి. మంచి మనసుతోనే చెప్పారు, కానీ మీ విషయంలో అది ప్రమాదం. అందుకే ముందు దీనికే జవాబు రాస్తున్నాను.

హిందూ వివాహ చట్టం ఇద్దరూ హిందువులైతేనే పనికొస్తుంది. (బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా ఆ చట్టం లెక్కలో హిందువులే.) సరిగ్గా మీలాంటి కేసే మన ఆంధ్రా నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అబ్బాయి రోమన్ క్యాథలిక్, అమ్మాయి హిందువు. గుడిలో తాళి కట్టారు, హిందూ చట్టం కింద రిజిస్ట్రేషనూ చేయించుకున్నారు. తర్వాత గొడవ వచ్చి కోర్టుకెళితే, ఒకరు క్రిస్టియన్ కాబట్టి ఆ పెళ్లి అసలు చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తేల్చేసింది. చేతిలో సర్టిఫికెట్ ఉండి కూడా చెల్లలేదు! ఏజెంట్లు మీకు ఈ సంగతి చెప్పరు. గుడి పెళ్లి కోసం ఇద్దరిలో ఎవరో ఒకరు మతం మారినట్టు కాగితం పుట్టించే ఏజెంట్లూ ఉంటారు. మారే ఉద్దేశమే లేదని మీరే అన్నారు, అలాంటప్పుడు పెళ్లినాడే అబద్ధం మీద సంతకం ఎందుకు?

ఇప్పుడు నా సంగతి. మాదీ ఇదే చట్టం కింద జరిగిన పెళ్లి. నేను క్రిస్టియన్, నెల్లూరు. మావారు హిందువు, వాళ్లది కడప వైపు. మీకు అద్దంలో బొమ్మ అన్నమాట. కాబట్టి మీ భయాలన్నీ నాకు తెలిసినవే.

నోటీసు ఇంటికి పోస్టులో పంపాలని చట్టంలో ఎక్కడా లేదు. ఉన్నది ఇది. మీ ఇద్దరిలో ఒకరైనా నోటీసు ఇచ్చేనాటికి 30 రోజుల నుంచి ఆ జిల్లాలో ఉంటూ ఉండాలి. ఆ జిల్లా మ్యారేజ్ ఆఫీసర్‌కి నోటీసు ఇవ్వాలి, మన దగ్గర రిజిస్ట్రేషన్ శాఖవాళ్లే ఆ పని చూస్తారు. ఆయన దాన్ని పుస్తకంలో ఎక్కించి, ఒక కాపీ ఆఫీసులో అందరికీ కనిపించేచోట అంటిస్తారు. మీ ఇద్దరి శాశ్వత చిరునామాలూ వేరే జిల్లాల్లో ఉన్నాయి కదా, అక్కడి మ్యారేజ్ ఆఫీసర్లకీ కాపీ వెళుతుంది, వాళ్లూ తమ ఆఫీసులో అంటిస్తారు. అంటే ఖమ్మంలోనూ, గుంటూరు జిల్లాలోనూ గోడ మీదికి ఎక్కుతుంది. మీ ఇంటి తలుపు మీదికి కాదు. వివాహ నోటీసుల్ని ఇళ్లకి పంపకూడదని ఢిల్లీ హైకోర్టు 2009లోనే అక్కడి అధికారులకి చెప్పింది. 2021లో అలహాబాద్ హైకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, జంట కోరితేనే నోటీసు ప్రచురించాలంది. అయినా మీరు మాత్రం నోటీసు మూడుచోట్లా గోడెక్కుతుందని అనుకునే ప్లాన్ చేసుకోండి.

అది చూసి ఎవరైనా అభ్యంతరం పెట్టవచ్చు, 30 రోజుల్లోపు. కానీ ఏ కారణానికి పడితే ఆ కారణానికి కాదు. ఇద్దరిలో ఎవరికైనా ముందే పెళ్లయి భర్తో భార్యో బతికి ఉండడం, వయసు చాలకపోవడం (అబ్బాయికి 21, అమ్మాయికి 18), నిషేధించిన వరసల్లో బంధుత్వం, సమ్మతి ఇవ్వలేనంత లేదా పెళ్లికి తగనంత మానసిక స్థితి. ఇంతే. "మా కులం కాదు", "మా మతం కాదు", "మాకు ఇష్టం లేదు" అనేవి అభ్యంతరాలు కావు. వస్తే ఆఫీసర్ 30 రోజుల్లో విచారించి తేల్చాలి. కావాలని దురుద్దేశంతో పెట్టారని తేలితే వెయ్యి రూపాయల దాకా ఖర్చులు కట్టించే అధికారమూ ఆయనకుంది. ఆ అంకె చట్టం వచ్చిన 1954 నాటిది, ఇప్పటికీ అంతే.

హాస్టల్ అడ్రస్ గురించి. మీకంటే అబ్బాయి అద్దె ఇల్లు సులువు. రెంటల్ అగ్రిమెంట్ తన పేరు మీద ఉంటే దాంతో పాటు కరెంటు బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంట్ లాంటివి పట్టుకెళ్లండి. ఒకరి నివాసం రుజువైతే చాలు, ఇద్దరిదీ అక్కర్లేదు. ఏ కాగితం ఒప్పుకుంటారో ఒక్కో ఆఫీసులో ఒక్కోలా ఉంటుంది కాబట్టి, ముందు ఖాళీ చేతులతో వెళ్లి అడిగి రండి. బయట డాక్యుమెంట్ రైటర్ని కాదు, లోపల సీట్లో కూర్చున్నవాళ్లని అడగండి.

మా ఇద్దరినీ తిప్పలు పెట్టింది చట్టం కాదు, ఇంటిపేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, పాన్‌లో చివర్న. మన తెలుగువాళ్లందరిదీ ఇదే కథ. మూడింట్లో ఉన్నదీ నేనే అని అఫిడవిట్ రాయించాల్సి వచ్చింది. నోటీసుకి ముందే మీ ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి. రేపు పాస్‌పోర్టుకీ, వీసాకీ వెళ్లేది ఆ మ్యారేజ్ సర్టిఫికెట్టే. సంతకం పెట్టేముందు ప్రింటులో స్పెల్లింగు చూసుకోకపోతే తర్వాత దిద్దించడం పెద్ద పని.

ఇక మీరు అసలు అడిగింది, ఆ రోజు ఎలా ఉంటుందని. నవ్వుకోవడం కాదండీ, ఈ ప్రశ్న అందరూ అడగాలి.

మీరు దేనికీ సిద్ధపడకుండా వెళితే మీరు భయపడినట్టే జరుగుతుంది. ఎందుకంటే అది పెళ్లిళ్ల ఆఫీసు కాదు, స్థలాలూ ఇళ్లూ రాసుకునే ఆఫీసు. పక్క బల్ల దగ్గర ఎవరో అన్నదమ్ములు భాగపరిష్కారం చేసుకుంటూ ఉంటారు. వరండాలో స్టాంపు పేపర్ల వాళ్లు, జిరాక్స్ మిషను చప్పుడు. మంచిరోజు చూసుకుని వెళ్లారంటే రిజిస్ట్రేషన్లకీ అదే మంచిరోజు, కాలు పెట్టే చోటు ఉండదు. భూముల విలువలు పెంచుతారని పేపర్లో వచ్చిన వారం అసలు వెళ్లకండి. మేం ఆషాఢంలో పెట్టుకున్నాం. ఆఫీసు ఖాళీ, పూలు చవక. మా అత్తగారికి ఆషాఢం అంటే మొదట మనసొప్పలేదు, కానీ మూఢం లేదు కదా అని ఆవిడే సర్దుకున్నారు.

ఇప్పుడు మీకు ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. ఈ పోస్టంతా మర్చిపోయినా ఇది గుర్తుంచుకోండి. ఈ చట్టం ప్రకారం పెళ్లయ్యేది సంతకంతో కాదు, మాటతో. 12వ సెక్షన్ చదవండి. పెళ్లి మీకు నచ్చిన ఏ పద్ధతిలోనైనా చేసుకోవచ్చు, కానీ ఆఫీసర్ ఎదుట, ముగ్గురు సాక్షుల ఎదుట, ఇద్దరికీ అర్థమయ్యే భాషలో, ఒకరితో ఒకరు "నేను నిన్ను చట్టబద్ధంగా నా భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నాను" అని చెప్పుకుంటే తప్ప ఆ పెళ్లి పూర్తయినట్టు కాదు. చట్టమే అంటోంది ఈ మాట. కానీ హడావుడిలో ఇది ఎగిరిపోతుంది. కాగితాలు ముందుకు తోస్తారు, ఇక్కడ ఒక సంతకం, ఇక్కడ ఒకటి, వేలిముద్ర, కెమెరా వైపు చూడండి, అయిపోయింది.

మాకూ అలాగే కాగితాలు బల్ల మీద పరిచారు. మావారు పెన్ను తీసుకోకుండా, "సార్, ముందు ఆ మాట పైకి చెప్పుకుంటామండీ" అన్నారు. ఆఫీసర్‌గారు ఒక్క క్షణం మా మొహాలు చూసి, అటెండర్ని పిలిచి తలుపు దగ్గరున్న వాళ్లని కాసేపు ఆగమన్నారు. కళ్లజోడు పక్కన పెట్టి లేచి నిలబడ్డారు కూడా, మేం అడగలేదు. మేం కుర్చీల్లోంచి లేచి ఎదురెదురుగా నిలబడ్డాం. మావారు నా పూర్తి పేరు పలికి ఆ వాక్యం చెప్పారు. తర్వాత నేను. నా గొంతు పట్టేసింది, సగంలో ఆగి మళ్లీ మొదటి నుంచి చెప్పాను. మా నాయనమ్మకి చదువు రాదు, కాగితంలో ఏముందో ఆవిడకి తెలిసే దారే లేదు. ఈ మాట మాత్రం చెవులారా వింది. బయటికొచ్చాక "ఏమోనమ్మా, మంత్రాలైతే నాకు ఒక్క ముక్క తెలిసేది కాదు, ఇది తెలిసింది" అంది. నాకు అంతకు మించిన ఆశీర్వాదం ఇంకోటి లేదు.

కాబట్టి అమ్మగారికి చెప్పండి, బల్ల మీద కాగితం కాదని. ఆవిడని వరండాలో కూర్చోబెట్టకండి, లోపలికి తీసుకెళ్లి మీ పక్కన నిలబెట్టుకోండి. తాళి విషయానికొస్తే, ఏ పద్ధతైనా ఫరవాలేదని చట్టమే చెప్పింది కాబట్టి అడ్డేమీ లేదు. ఆఫీసులోనే ఆ మాటలయ్యాక కట్టించుకోవచ్చు, ఇంటికెళ్లి కట్టించుకోవచ్చు. మేం ఆఫీసులో దండలు మాత్రం మార్చుకుని, సాయంత్రం ఇంట్లో మా అత్తగారు పసుపుకొమ్ము కట్టిన తాళి, మా నాన్న ప్రార్థన, రెండూ జరిపించాం. తలంబ్రాలు కూడా పోశారు. ఒకవేళ అమ్మగారు ఊరినుంచి బియ్యం కలిపి తెస్తానంటే వద్దనకండి. ఆఫీసులో మాత్రం పోయకండి, ఊడ్చేది పాపం ఆ అటెండరే.

ఆఫీసర్ని మీ హాల్‌కే పిలిపించుకునే వీలు కూడా ఉంది. అందుబాటు దూరంలో అయితే అదనపు ఫీజు కట్టి అడగొచ్చని అదే సెక్షన్‌లో ఉంది. వస్తారా రారా అనేది ఆ ఆఫీసు పని ఒత్తిడిని బట్టి ఉంటుంది. అడిగి చూడండి.

ఒక గడువు మర్చిపోకండి. నోటీసు ఇచ్చిన తేదీ నుంచి మూడు నెలల్లోపు పెళ్లి అయిపోవాలి. దాటితే మళ్లీ కొత్త నోటీసు, మళ్లీ నెల. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదనో, ఆఫీసులో సెలవు దొరకలేదనో వాయిదాలు వేస్తూపోతే ఇది దెబ్బ కొడుతుంది.

రిటైర్డ్ మాస్టారు, ఒంగోలు:

అమ్మా, నేను ఒక ఆడపిల్ల తండ్రిని. మా అమ్మాయి పెళ్లీ ఈ పద్ధతిలోనే జరిగింది. మీ నాన్నగారి గురించి రాసింది చూసి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నోటీసు ఖమ్మం ఆఫీసులో గోడ మీద ఉంటుందని పైన అమ్మాయి వివరంగా చెప్పింది. ఇంటికి రాదు కదా అని నిశ్చింతగా ఉండకండి. పల్లెటూళ్లో ఎవరి పొలం పని మీద వాళ్లు రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళుతూనే ఉంటారు. ఈసీ (ఆస్తి లావాదేవీల సర్టిఫికెట్) కోసం పొద్దుటి నుంచి కూర్చున్న మనిషి ఏం చేస్తాడు? గోడ మీద ఉన్న కాగితాలన్నీ చదువుతాడు. మీ ఇంటిపేరు, ఊరిపేరు కనపడగానే ఫోను తీస్తాడు. మీ నాన్నగారికి ఈ సంగతి టీకొట్టు దగ్గర ఇంకొకరి నోటి నుంచి తెలియకూడదు. నోటీసు ఇవ్వకముందే, మీ నోటితోనే తెలియాలి. ఫోన్‌లో కాదు. ఊరికి వెళ్లి, ఎదురుగా కూర్చుని చెప్పండి. అబ్బాయిని వెంట తీసుకెళ్లవద్దు, మొదటిసారి మీరొక్కరే వెళ్లండి. అల్లుడి ముందు తండ్రి ఏడవలేడు.

ఆయన మాట్లాడడం మానేస్తే మానేయనివ్వండి. మీరు మానేయవద్దు. భోజనానికి పిలవండి, మందులు వేసుకున్నారా అని అడగండి. జవాబు రాకపోయినా రోజూ ఫోన్ చేయండి. మా అమ్మాయి ఫోన్ చేస్తే నేను వాళ్ల అమ్మకి ఇచ్చేసేవాణ్ణి, కానీ ఫోన్ రాని రోజు వాకిట్లో పచార్లు చేసేవాణ్ణి.

ఇంకో మాట. మన పెళ్లిలో తండ్రికి బోలెడు పని ఉంటుంది. కాళ్లు కడగాలి, కన్యాదానం చేయాలి, వచ్చినవాళ్లని పలకరించాలి, వంటల దగ్గర నిలబడాలి. ఆఫీసు పెళ్లిలో తండ్రికి ఏ పనీ లేదు. గోడకి ఆనుకుని నిలబడడమే. నాకు అది చాలా కష్టంగా అనిపిస్తుందని మా అమ్మాయి ముందే కనిపెట్టింది. పెళ్లికి ముందురోజు వచ్చి, "నాన్నా, ముగ్గురు సాక్షులు కావాలి, మొదటి సంతకం నీదే" అంది. బడి రిజిస్టర్లలో, టీసీల మీద, మార్కుల జాబితాల మీద ముప్పై ఏళ్లకు పైగా సంతకాలు పెట్టిన చెయ్యి ఇది. ఆ రోజు చాలా జాగ్రత్తగా, గుండ్రంగా, పూర్తి పేరు రాశాను. వియ్యంకుడి సంతకం నా కింద ఉంది. ఆ కాపీ మా బీరువాలో ఉంది.

మీ నాన్నగారికి కూడా ఆ పని ఇవ్వండి. వస్తారా రారా అని లెక్కలు వేసుకోకండి. "మొదటి గడి నీకోసం ఖాళీగా ఉంచాను" అని చెప్పండి. ఆధార్ కార్డు మాత్రం అమ్మచేత సంచిలో పెట్టించండి, చివరి నిమిషంలో వస్తే వెతుక్కోకుండా.

ఖమ్మం అమ్మాయి:

మాస్టారూ, మీ పోస్టు అమ్మకి ఫోన్‌లో చదివి వినిపించాను. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేకపోయాం. ఈ శనివారం ఊరికి వెళుతున్నాను, ఒక్కదాన్నే.

పెన్నా తీరం అక్కా, ఆ 12వ సెక్షన్ సంగతి మాకు అసలు తెలియదు. తను ఇప్పటి నుంచే ప్రాక్టీస్ చేస్తానంటున్నాడు. చాలా థాంక్స్.

ఇంకో సందేహం. మా పెదనాన్న కొడుకు లాయర్ దగ్గర పనిచేస్తాడు. అతనొకసారి మాటల్లో, "స్పెషల్ మ్యారేజ్ యాక్ట్‌లో చేసుకుంటే నీకు నాన్న ఆస్తిలో హక్కు పోతుంది" అన్నాడు. నేను ఆస్తి కోసం చూసుకోవడం లేదు, కానీ నాన్న దగ్గరికి వెళ్లినప్పుడు ఈ ప్రస్తావన వస్తే ఏం చెప్పాలి? అలాగే పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవడం తప్పనిసరా?

నల్లకోటు:

వృత్తిరీత్యా వకీలుని. సివిల్, ఫ్యామిలీ కేసులు చూస్తాను. మీ అన్నగారు సగం విని చెప్పినట్టున్నారు.

హిందువు వేరే మతంవారిని ఈ చట్టం కింద పెళ్లాడితే, ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోయినట్టు లెక్క. అది 19వ సెక్షన్. విడిపోవడమంటే హక్కు పోవడం కాదు, అప్పటికి మీ భాగం ఏదైనా ఉంటే అది వేరుపడుతుంది. మీ నాన్నగారు హిందువు కాబట్టి ఆయన స్వార్జితానికి, ఆయన తదనంతరం వారసత్వం హిందూ వారసత్వ చట్టం ప్రకారమే నడుస్తుంది. అందులో కూతురు కూతురే, ఎవరిని పెళ్లాడినా. వీలునామా రాస్తే మాత్రం ఆయన ఇష్టం, అది మీరు అదే కులంలో చేసుకున్నా ఆయన ఇష్టమే.

మారేది మీ తర్వాతి సంగతి. మీ ఆస్తి, మీ భర్త ఆస్తి, మీ పిల్లల వారసత్వం 1925 నాటి భారతీయ వారసత్వ చట్టం కిందికి వస్తాయి, అది 21వ సెక్షన్. ఇద్దరూ హిందువులే అయి ఈ చట్టం కింద చేసుకుంటే ఈ రెండూ వర్తించవు, 1976లో సవరణ చేసి 21ఏ చేర్చారు. మీకు ఆ సవరణ పనికిరాదు. ఇల్లో స్థలమో కొన్నాక ఇద్దరూ చెరో వీలునామా రాసుకుంటే సరిపోతుంది.

ఇంటిపేరు మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పదు. మార్చుకోకపోతే మీకు కాగితాల పని తగ్గుతుంది, నా సలహా అదే.

పెద్దలు చదువుతున్నారు కాబట్టి ఒక్క ముక్క. బ్రిటిష్‌వాళ్లు 1872లో తెచ్చిన పాత చట్టంలో, ఇలా పెళ్లి చేసుకోవాలంటే నేను ఈ మతం పాటించడం లేదని రాసివ్వాల్సి వచ్చేది. 1954 చట్టంలో ఆ అవసరం పోయింది. మీరు హిందువుగానే, ఆ అబ్బాయి క్రిస్టియన్‌గానే ఆ బల్ల దగ్గర నిలబడతారు. నాన్నగారు "మతం మార్చేస్తున్నారా" అని అడిగితే చెప్పాల్సిన జవాబు ఇది.

మీ ఇంట్లో బెదిరింపుల్లాంటివి లేవని రాశారు, సంతోషం. ఇది చదివే వేరేవాళ్లకి ఉంటే, మేజర్లయిన ఇద్దరు ఇష్టపడి పెళ్లి చేసుకుంటే వాళ్ల జోలికి ఎవరూ రాకుండా చూడాల్సింది పోలీసులేనని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. 2018లో ఇలాంటి జంటలకి ప్రతి జిల్లాలో రక్షణ ఏర్పాట్లు ఉండాలంది. నోటీసు ఇచ్చే ముందే లాయర్‌ని కలవండి, తర్వాత కాదు.

వైజాగ్ కుర్రాడు:

2008 తీర్పు గురించి నాకు తెలియదండీ. మా ఫ్రెండుకి ఈ లింక్ పంపాను. వాళ్లు ఇప్పుడు ఏం చేయాలి?

నల్లకోటు:

ఆలస్యం చేయకుండా స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద మళ్లీ నోటీసు ఇచ్చి పెళ్లి చేసుకోమనండి. పిల్లలుంటే ఆ వివరాలతో దగ్గర్లో ఉన్న ఫ్యామిలీ లాయర్ని నేరుగా కలవమనండి. ఇలా పైపైన చెప్పే విషయం కాదు.

పెన్నా తీరం:

చెల్లీ, సాక్షుల గురించి నేను వివరంగా రాయలేదు, మాస్టారే బాగా రాశారు. ఒక్కటి మాత్రం కలుపుతాను. ముగ్గురూ మొదట డిక్లరేషన్ మీద సంతకం పెట్టాలి, పెళ్లయ్యాక సర్టిఫికెట్ మీద మళ్లీ పెట్టాలి. మధ్యలో ఫోను వచ్చిందనో, పార్కింగ్ అనో బయటికి వెళ్లిపోతే అందరూ ఆగాలి. అందుకని నాలుగో మనిషిని కూడా గుర్తింపు కార్డుతో సిద్ధంగా ఉంచుకోండి. నాన్నగారు వస్తే ఆ నాలుగో మనిషి ఫొటోలు తీస్తాడు.

శనివారం ఊరెళ్లి వచ్చాక ఎలా ఉందో రాయండి. నేను చూస్తూ ఉంటాను.